ఆమె చేతికిచ్చి పంపిన ఉత్తరం

రేకుల షెడ్డు,
సాన బండి పక్కన

అక్కా,

ఇల్లు చేరాను. బస్సులో సీటు దొరికింది. అన్నం తినలేదు.

ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు. నువ్వు అటు 'ఏరా, ఏరా' అంటుంటావు, నేను ఇటు ఊఁ అంటుంటాను. అందుకే రాస్తున్నాను. నువ్వూ రాయి. ఆ ఆస్పత్రి వార్డులో పాలు కాచేది నువ్వే కాబట్టి పిల్లను వదిలి రాగలిగాను. లేకపోతే గుమ్మం ముందే కూర్చునేవాడిని.

నా కూతురు పోతూ పోతూ ఆ పిల్లను నా చేతిలో పెట్టలేదు. అత్తగారి చేతిలో పెట్టింది. 'అత్తమ్మ చూసుకుంటుంది నాన్నా, నీకు కత్తులు తెలుసు కానీ పిల్లలు తెలియదు' అంది. అంత జ్వరంలోనూ నవ్వుతూ అంది. ఆ అత్తమ్మ చూసుకున్న తీరు నువ్వు కళ్ళారా చూశావు. ఏడాదిన్నర పిల్ల. ఎత్తుకుంటే చేతిలో ఏమీ లేనట్టుంది. తొడల మీద చర్మం వేలాడుతోంది. ఈ వయసులో నాకే అంత వేలాడదు.

గింజ అని ముద్దుపేరు పెట్టింది మా అమ్మాయే. పుట్టినప్పుడు గుండ్రంగా, గట్టిగా ఉండేది కాబట్టి. ఇప్పుడు ఆ పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రావడం లేదు.

నర్సమ్మ ఎదుట నేను నోరు విప్పలేదు. కానీ వియ్యపురాలిని నేను వదలను అక్కా. పిల్ల బతికినా వదలను.

తమ్ముడు


పిల్లల వార్డు వంటగది

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చూసి ముందు నవ్వొచ్చింది. చిన్నప్పుడు బళ్ళో మాస్టారు నీ పేరడిగితే నేను చెప్పాల్సి వచ్చేది, నువ్వు నా వెనక దాక్కునేవాడివి. ఇన్ని మాటలు నీ లోపల ఎక్కడ పెట్టుకున్నావురా ఇన్నాళ్ళూ?

గింజ బతుకుతుంది. ముందు ఆ మాట విను, తర్వాత తీరిగ్గా కోపం తెచ్చుకో. వచ్చిన రోజు పాలు పెదవి పక్కనుంచి కారిపోయాయి. ముక్కులోంచి సన్న గొట్టం వేసి పోశారు. ఇక్కడి పాలు ఇంట్లో పాలలాంటివి కావు. చక్కెర, నూనె, ఇంకేవో పొడులు కొలిచి కలిపి కాస్తాను. ఇంత చిక్కిన పిల్లలకు ఒక్కసారిగా పొట్ట నిండా పెడితే తట్టుకోలేరట. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పట్టాలి. నిన్న పొద్దున చెంచా నోట్లో పెడితే దాన్ని కొరికి పట్టుకుంది. లాగితే ఇవ్వదు. ఇంకా లాగితే గుక్కపట్టి ఏడ్చింది. నర్సమ్మ పరుగున వచ్చి చూసి, 'హమ్మయ్య, ఏడుపొచ్చింది' అని నవ్వింది. నిజమే కదరా, నువ్వు తెచ్చిన రోజు ఏడవడానికి కూడా దానికి ఓపిక లేదు.

ఇక ఆ చెంచా దానిదే. పడుకున్నా పిడికిట్లోనే ఉంటుంది. మెలకువ వస్తే చాలు, మంచం కమ్మీ మీద టంగుటంగుమని కొట్టడమే. పక్క మంచం తల్లి నన్ను తిట్టని పూట లేదు.

నీ వియ్యపురాలు మంచం దిగదు. నేను కసిరితే గానీ తినదు. మాట మధ్యలో తెలిసింది, పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయట. ఈమె హాస్టల్ వంటగదిలో పొద్దంతా కూరగాయలు తరుగుతూ ఉంటే, చూసుకునే పక్కింటావిడ నీళ్ళలాంటి గంజి తప్ప ఏమీ పెట్టలేదట, పెడితే విరేచనాలు ఎక్కువవుతాయని. నీ అల్లుడు లారీ మీద వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉన్నాడు. ఆమె మాత్రం ఎన్ని చోట్ల ఉంటుంది? కత్తులకు సాన పట్టడానికి నువ్వూ ఆ హాస్టల్‌కే పోతావుగా. ఒక్క పూట ఎదురుగా కూర్చుని మాట్లాడి చూడు.

మాట్లాడవని నాకు తెలుసు. అయినా రాశాను.

అక్క


రేకుల షెడ్డు

అక్కా,

చెంచా సంగతి రెండుసార్లు చదివాను.

ఆమె సంగతి ఒకసారే చదివాను. నీది మెత్తని మనసు. ఎవరు కళ్ళు తుడుచుకున్నా నీకు కడుపు తరుక్కుపోతుంది. ఆ పక్కింటావిడ చేతిలో పెట్టి పోయిందెవరు? ఈమే కదా.

ఒక పని చేశాను. ఏమిటని అడక్కు. నోరు తెరిచి మాట్లాడాను. ఎవరితో అని కూడా అడక్కు. నా జన్మలో మాట అంత సులువుగా రాలేదు. ఆ రోజు చక్రం తిప్పుతుంటే, రాయి మీంచి రవ్వలు లేస్తుంటే, లోపల చల్లగా అనిపించింది. కడుపు నిండా తిన్నాను.

ఇంటికి తిరిగొచ్చాక ఆమెకే తెలుస్తుంది.

పిల్ల బరువు ఎంత పెరిగిందో రాయి.

తమ్ముడు


పిల్లల వార్డు వంటగది

ఒరేయ్ మూగోడా,

గింజ ఇంటికి పోతోంది! జబ్బకు చుట్టి చూసే రంగుల పట్టీ ఉంటుంది. వచ్చిన రోజు ఎర్రలో ఆగింది. తర్వాత పసుపు. ఈ రోజు పచ్చలోకి వచ్చింది. నర్సమ్మ నాకు కూడా చూపించింది. చెంచా తిరిగి తీసుకోబోతే గింజ నా చేతి మీద కొట్టింది. ఆస్పత్రి సొమ్మే కానీ, పోనీలే తీసుకుపో అన్నాను.

ఇప్పుడు అసలు మాట. డాక్టరమ్మ నీ వియ్యపురాలిని కూర్చోబెట్టి చెప్పింది: నయమై వెళ్ళిన పిల్లల్లో కొందరు మళ్ళీ ఇదే మంచం మీదికి వస్తారట. ఇంటికి వెళ్ళిన కొత్తలోనే గండమట. 'పిల్లను మేం బాగుచేశాం. మీ ఇంట్లో కుండను మేం నింపలేం కదమ్మా' అంది. పల్లీ ముద్ద పొట్లాలు ఇచ్చింది. రోజూ పెట్టాలి, నీళ్ళు కాచి తాగించాలి, పక్షానికోసారి తెచ్చి తూకం వేయించాలి. 'తెస్తానమ్మా, హాస్టల్ పని ఉంది కదా, ఎలాగోలా నెట్టుకొస్తాను' అని నీ వియ్యపురాలు దండం పెట్టింది.

ఇంతకీ నువ్వు చేసిన ఆ పని ఏమిటి? అడక్కు అన్నావు కాబట్టే అడుగుతున్నాను. నువ్వు కడుపు నిండా తిన్నానంటే నాకు భయంగా ఉంది.

అక్క


దర్జీ దుకాణం పక్కన,
ఆమె ఇంటికి ఎదురుగా

అక్కా,

బండిని ఈ వీధికి మార్చాను. దర్జీ కత్తెరలు వస్తాయని అందరికీ చెప్పాను. అందుకు కాదు. ఇక్కడినుంచి ఆమె గుమ్మం కనబడుతుంది.

ఇదివరకు పొద్దున్నే గిన్నె పట్టుకుని పోయేది, చీకటి పడే ముందు అదే గిన్నెతో వచ్చేది. ఇప్పుడు వట్టి చేతులతో పోతుంది, వట్టి చేతులతో వస్తుంది. ఒక ఇంటి తలుపు కొడుతుంది, మాట్లాడుతుంది, తల దించుకుని ఇంకో ఇంటికి పోతుంది. చూస్తుంటే నాకు బాగుంది. నీ దగ్గర దాచను. బాగుంది.

గింజ గుమ్మంలో కూర్చుని చెంచాతో గడప మీద కొడుతుంది. నేను చక్రం ఆపి వింటాను. 'ఏం తాతా, కత్తెర అయిందా, నిద్రపోయావా?' అంటాడు దర్జీ. మళ్ళీ తిప్పుతాను.

ఒకసారి ఆమె వీధి దాటి వచ్చింది. 'అన్నయ్యగారూ, లోపలికి రండి, పాపను ఎత్తుకోండి' అంది. నేను తల ఎత్తలేదు. పదును చూస్తున్నట్టు కత్తిని కంటి దగ్గర పెట్టుకున్నాను. వెనక్కి వెళ్ళిపోయింది.

చేసిన పని చెప్పను.

తమ్ముడు


అదే చోటు

అక్కా,

వానలు పట్టుకున్నాయి. బండి మీద పట్టా కప్పాను.

నువ్వు అనవసరంగా భయపడ్డావు. పిల్ల ఒళ్ళు చేసింది. బుగ్గలు నిండుగా ఉన్నాయి. కాళ్ళు చూడాలి, పాదాలు బూరెల్లా అయ్యాయి. ఆమెకు నా భయం పట్టుకుంది, అందుకే బాగా పెడుతోంది. మంచిగా చెబితే వినే రకం కాదది. నేను చేసిన పని పనిచేసింది.

చెంచా చప్పుడు మాత్రం ఈ మధ్య లేదు. గడప మీద కూర్చోబెడితే కూర్చున్నట్టే ఉంటుంది. బుద్ధి వచ్చినట్టుంది, అల్లరి మానేసింది.

తమ్ముడు


పిల్లల వార్డు

ఒరేయ్,

ఇది బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. ఫోను చేస్తే ఎత్తవు, ఆ చక్రం రొదలో నీకేం వినబడుతుంది!

అది ఒళ్ళు కాదురా, తిండి చాలక పట్టిన నీరు. గింజ ఒక్క తూకానికి వచ్చింది, ఆ తర్వాత రానేలేదు. నర్సమ్మ అడిగితే వానలని సర్దిచెప్పాను. ఇది చదవగానే ఆ వీధి దాటు. పిల్ల పాదం మీద బొటనవేలితో నొక్కి పట్టి తీసి చూడు. గుంట పడి అలాగే ఉండిపోతే ఉన్నపళంగా బస్సెక్కించు. అల్లరి మానేసిందట! పిల్ల అల్లరి మానితే సంతోషించే మనిషిని నిన్నే చూశాను.

నీ పగ తర్వాత. ముందు ఆ వీధి దాటు.

అక్క


బస్టాండు

అక్కా,

నొక్కాను. గుంట పడింది. పోలేదు.

ఇద్దరినీ బస్సెక్కిస్తున్నాను. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను. ఆమెకు చదవడం రాదు. 'అక్కకు ఇవ్వు' అన్నాను. రెండు చేతులతో తీసుకుంది.

ఈమె మొహం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నా కూతురు నమ్మి ఇచ్చిన పిల్లను రెండుసార్లు ఎండగట్టింది. మొదటిసారి తెలియక అనుకుందాం. ఇప్పుడు? అన్నీ చెప్పి పంపారు, పొట్లాలు ఇచ్చి పంపారు. ఆ పొట్లాలు అమ్ముకుని ఉంటుంది. లేకపోతే తానే మింగి ఉంటుంది.

నువ్వు అడిగావుగా, ఇప్పుడు చెబుతాను. హాస్టల్ పనిలోంచి ఆమెను తీయించింది నేనే. సాన పట్టే రోజున వంటమేస్త్రీ దగ్గరికి పోయి, 'కన్నబిడ్డ బిడ్డను ఎండగట్టి చంపబోయిన చేతులతో ఇంతమంది పిల్లలకు తరిగిస్తున్నావా' అన్నాను. చాలు. మేస్త్రీ మొహం మారిపోయింది. ఆ మాట అన్నందుకు నాకు సిగ్గు లేదు. మళ్ళీ అంటాను. ఇంకా చాలా చేయాల్సింది, మెత్తబడ్డాను.

పిల్ల పోతే ఈమెను అక్కడే కూర్చోబెట్టు. నేను వస్తాను. వీధిలో మనిషనేవాడు ఈమె గుమ్మం తొక్కకుండా చేస్తాను. ఆకలంటే ఏమిటో ఈమె కూడా చూడాలి.

తమ్ముడు


పిల్లల వార్డు, గింజ మంచం పక్క

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. తడవకుండా జాకెట్టులో పెట్టుకుని తెచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు. 'అన్నయ్యగారు ఏం రాశారో చదవండి వదినగారూ' అని ఎదురుగా కూర్చుంది. నేను చదవడం మొదలుపెట్టాను. కళ్ళతో ఒకటి, నోటితో ఒకటి. 'పిల్లను జాగ్రత్తగా చూడు అక్కా, మా వియ్యపురాలు కూడా నీరసంగా ఉంది, వేళకు తినమని చెప్పు' అని చదివాను. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, 'పైకి అలా ఉంటారు కానీ అన్నయ్యగారిది మంచి మనసు' అంది. నా వయసులో నాకు ఇంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు. నువ్వు రాసిన మాటలకు నేను సిగ్గుపడ్డాను.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఆ గిన్నె సంగతి రాశావు, గుర్తుందా? పొద్దున వట్టిది పోయేది, సాయంత్రం అదే గిన్నె వచ్చేది. దాంట్లో ఏముండేదో ఎప్పుడైనా ఆలోచించావా? హాస్టల్‌లో మిగిలిన అన్నం, పప్పు, ఒక్కోరోజు గుడ్డు. విరేచనాలు పట్టుకోకముందు గింజ పెరిగింది ఆ గిన్నెతోనే. ఇక్కడినుంచి తీసుకువెళ్ళాక పెట్టాలనుకున్నదీ ఆ గిన్నెలోదే. తిరిగి వెళ్ళిన మర్నాడే మేస్త్రీ వద్దు పొమ్మన్నాడట. ఎందుకో చెప్పలేదట. నువ్వు చూసి మురిసిపోయిన ఆ వట్టి చేతులు, నువ్వు ఖాళీ చేసినవేరా.

ఇంట్లో ఇంకేమీ లేక పొట్లాన్ని చీల్చి పొద్దున కాస్త, మాపు కాస్త, మర్నాటికి కాస్త పెట్టిందట. అవి అయిపోతే ఏం పెట్టాలో తెలియక దాచింది. అయిపోతాయన్న భయంతోనే పిల్లకు చాలినంత పెట్టలేదు. తూకానికి ఎందుకు తేలేదంటే నోరు విప్పలేదు. బతిమాలితే చెప్పింది: 'బరువు తగ్గిందని తెలిస్తే అన్నయ్యగారు చంపేస్తారేమోనని. ఎదురుగానే ఉంటారు కదా. ఆ చక్రం చప్పుడు వింటే నాకు అన్నం దిగేది కాదు.' అన్నం ఉంటే కదా దిగడానికి! ఆమె జబ్బకు కూడా ఆ పట్టీ చుట్టాలనిపించింది నాకు.

చివరికి ఏమందో తెలుసా? 'అన్నయ్యగారు హాస్టల్‌కి పోతుంటారుగా, మేస్త్రీతో నా గురించి ఒక మాట చెప్పమని రాయండి వదినగారూ' అంది.

పగ పగ అని ఎగిరావు. నీ పగవాడు ఎక్కడ ఉంటాడో ఇప్పుడు నీకు తెలిసింది. రేకుల షెడ్డులో ఉంటాడు. పోయి పట్టుకో.

గింజ ఎలా ఉందో రాయను. ఉందో లేదో కూడా రాయను. నాకు కూడా కసి తీర్చుకోవడం వచ్చు.

అక్క


రేకుల షెడ్డు

అక్కా,

పిల్ల ఉందా?

తమ్ముడు


రేకుల షెడ్డు

అక్కా,

ఫోను చేశాను. నువ్వు ఎత్తి, నా ఊపిరి విని పెట్టేశావు.

వార్డు గేటు దాకా వచ్చాను. లోపలినుంచి ఏ చప్పుడూ వినబడలేదు. కాపలావాడు 'ఎవరి మనిషివి?' అని అడిగాడు. తిరిగి వచ్చేశాను.

ఒక్క ముక్క రాయి. ఉందో లేదో.

తమ్ముడు


రేకుల షెడ్డు

అక్కా,

హాస్టల్‌కి పోయాను. వంటగదిలో అందరూ ఉన్నారు.

'ఏం తాతా, ఇవాళ సాన రోజు కాదుగా' అన్నాడు మేస్త్రీ.

'ఒక మాట చెప్పాలి' అన్నాను.

'నీ దగ్గర మాటలు కూడా ఉన్నాయా?' అన్నాడు. తరిగేవాళ్ళంతా నవ్వారు.

'మా వియ్యపురాలు పిల్లను ఎండగట్టలేదు. నేను చెప్పింది తప్పు. ఆమెను మళ్ళీ పెట్టుకో.'

నవ్వు ఆగింది. మేస్త్రీ గరిటె కింద పెట్టాడు. 'అప్పుడు చెప్పిన నోరే కదా ఇది? ఏది నమ్మమంటావు? ఆమె చోట ఈ అమ్మాయి వచ్చింది. ఈమెకూ ఇంట్లో చంటిపిల్ల ఉంది. ఈమెను పొమ్మనమంటావా? నువ్వే చెప్పు, నీ నోటితోనే పొమ్మను.'

ఆ అమ్మాయి కత్తి పట్టుకుని నా వైపే చూస్తోంది. నేను సాన పట్టిన కత్తే.

అనలేకపోయాను. కత్తుల పెట్టె నా ముందుకు తోశాడు. 'వచ్చావు కాబట్టి పదును పెట్టి పో' అన్నాడు. పెట్టాను. ఒక్కో కత్తికీ పెడుతుంటే వీడి పీక కోయాలనిపించింది. తర్వాత, వాడేం చేశాడు, నేను చెప్పింది విన్నాడు, అంతేగా అనిపించింది.

చేసినదాన్ని వెనక్కి తిప్పడం నాకు రాలేదు అక్కా. చెడగొట్టడానికి ఒక్క మాట పట్టింది.

పగవాడు దొరికాడు. ఏం చేయాలో తెలియడం లేదు.

తమ్ముడు


పిల్లల వార్డు వంటగది

ఒరేయ్ తమ్ముడూ,

హాస్టల్‌లో నలుగురి ఎదుట నోరు విప్పావు కాబట్టి రాస్తున్నాను. గింజ ఉంది.

ఈసారి చాలా దూరం పోయి వచ్చింది. ఒళ్ళంతా చల్లబడిపోయి, డాక్టరమ్మ కూడా నా మొహం చూడకుండా తిరిగిన రోజులున్నాయి. నీరు దిగిపోయాక చూస్తే లోపల మళ్ళీ ఎముకలే. ఆ వారం నువ్వు ఫోను చేస్తే పెట్టేసింది కోపంతో అనుకున్నావు. నాకు మాట రాలేదురా. మొదటిసారి నేను నీలా అయిపోయాను.

ఇప్పుడు తింటోంది. చెంచా మళ్ళీ పుచ్చుకుంది. పక్క మంచం తల్లి మారింది, ఈమె కూడా నన్ను తిడుతోంది.

వచ్చే బస్సుకు ఇద్దరూ వస్తున్నారు. నీ సంగతి ఆమెకు ఇంకా తెలియదు. చెప్పాల్సింది నేను కాదు. బస్టాండులో నువ్వు రాసిన ఆ ఉత్తరం నా దగ్గరే దాచాను. ఈ రోజు దాన్ని ఆమె చేతికే తిరిగిచ్చాను. 'అప్పుడు నేను చదివింది దీంట్లో లేదు. ఉన్నదేమిటో రాసినవాడినే చదివిపెట్టమను' అన్నాను. అర్థం కాక నవ్వింది.

నిజం చదువుతావో, నాలాగా అబద్ధం చదువుతావో నీ ఇష్టం. ఆమెకు అక్షరం ముక్క రాదు. నేనేమో అక్కడ ఉండను. నీ మీద నాకున్న కసి ఇలా తీర్చుకుంటున్నాను.

అక్క


ఆమె వాకిలి

అక్కా,

చదివాను.

బస్సు దిగి నేరుగా నా బండి దగ్గరికే వచ్చింది. పిల్ల చంకలో ఉంది. 'అన్నయ్యగారూ, ఇది మీరే చదివిపెట్టాలట' అని కాగితం తీసింది. వీధిలో వద్దని లోపలికి పిలిచింది. పీట వేసి, పిల్లను నా ఒళ్ళో కూర్చోబెట్టింది. పొయ్యి మీద ఏమీ లేదు. మా అమ్మాయి దుప్పటి నాలుగు మడతలు వేసి కింద పరిచి ఉంది, పిల్ల కోసం.

మార్చి చదవొచ్చు. ఆ ఆలోచన రాలేదని చెప్పను. నువ్వు చదివిందే మళ్ళీ చదివితే సరిపోయేది. ఆమె వినడానికి సంతోషంగా కూర్చుంది. ఉత్తరం అంటే మంచి మాట అనుకుంది. గింజ నా మోకాలి మీద చెంచాతో కొట్టింది. గట్టిగానే కొట్టింది.

మొదటినుంచి చదివాను. ఒక్క మాట మింగలేదు. ఒళ్ళు మండుతుందన్న చోట ఆమె మొహంలో నవ్వు పోయింది. పొట్లాలు అమ్ముకుని ఉంటుందన్న చోట తల అడ్డంగా ఊపింది. హాస్టల్ మాట దగ్గర లేచి నిలబడింది. ఆకలంటే ఏమిటో ఈమె కూడా చూడాలి అన్నది చదివి, కింద తమ్ముడు అని ఉంది, అదీ చదివాను.

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

'నేను పని కోసం ఎక్కిన గుమ్మాలన్నీ మీ బండి దగ్గరికి కనబడేవి కదా?' అంది.

'కనబడేవి.'

'నవ్వుకున్నారా?'

'నవ్వుకున్నాను.'

పిల్లను నా ఒళ్ళోంచి తీసుకుంది. మళ్ళీ ఏమనుకుందో, తెచ్చి నా ఒళ్ళోనే పడేసింది.

'చచ్చేదాకా మిమ్మల్ని క్షమించను' అంది. 'కానీ దీనికి తిండి కావాలి. దుప్పట్లు ఉతికే చోట రమ్మన్నారు నన్ను, పిల్లతో వద్దన్నారు. రేపటినుంచి దీన్ని మీరు చూస్తారు. చక్రం ఈ వాకిట్లో పెట్టుకోండి. నేను చెప్పిన వేళకు, చెప్పినంత, మీ చేత్తో పెట్టాలి. నీళ్ళు కాచి చల్లార్చే పట్టాలి. విరేచనాలైనా తిండి ఆపకూడదు. తూకానికి మీరే ఎత్తుకుపోవాలి. దీని జబ్బ ఆ పట్టీలో పచ్చ నుంచి పసుపులోకి దిగిందో, ఈ కాగితం దర్జీ చేత వీధంతా వినేలా చదివిస్తాను. మేస్త్రీకి ఒక మాట సరిపోయిందిగా. వీధికి ఇంత ఉత్తరం చాలు.'

కాగితం లాక్కుంది. పొయ్యి పైన అరలో ఖాళీ పాల డబ్బా ఉంది. దాంట్లో పెట్టి మూత వేసింది.

అప్పటినుంచి ఇక్కడే ఉన్నాను. షెడ్డుకు పడుకోవడానికే పోతాను. నాకు వచ్చింది ఆమె చేతిలో పెడతాను, లెక్క అడగను. పిల్లకు ముద్ద ఎంత ఉండాలో మొదట్లో తెలిసేది కాదు. ఊస్తే చేయి తుడుచుకుని మళ్ళీ పెట్టేవాడిని. మా అమ్మాయి అన్నది నిజమే, నాకు కత్తులే తెలుసు. ఇప్పుడు కాస్త తెలుస్తోంది. చక్రం తిరుగుతుంటే గింజ చూస్తూ నోరు తెరుస్తుంది. అందుకని ఒక చేత్తో తిప్పుతాను, ఒక చేత్తో పెడతాను. ఆ వేళకు సాన పట్టేది ఏమీ ఉండదు, వట్టి చక్రమే.

ఆమె నన్ను అన్నయ్యగారూ అనడం మానేసింది. 'ఓయ్ సాన బండీ, నీళ్ళు కాచావా?' అంటుంది. వీధిలో అందరూ నవ్వుతారు. పలుకుతాను.

ఎదురుగా కూర్చుని తినమంటే ఆమె వినదు. నువ్వు ఒకసారి వచ్చి కసురు.

తూకానికి ముగ్గురం వస్తున్నాం. బస్సులో సీటు ఖాళీ ఉన్నా నేను నిలబడాలట. పోయినసారి కూడా అంతే. పిల్ల మాత్రం నా చేతిలోనే ఉండాలట.

ఇక ఆపుతాను. పిల్లకు వేళయింది. ఆలస్యమైతే ఆమె ఏమీ అనదు, తల తిప్పి డబ్బా వైపు చూస్తుంది.

సాన బండి